అడగని కొసరు

మానవజాతి నాగరికతను నిప్పు రాజుకున్న నాటి నుంచి లెక్కించే పండితులు పొరబడుతున్నారు. దానిని లెక్కించవలసింది, కూరలన్నీ తూచి సంచిలో పోసిన తరువాత, కొన్న మనిషి సంచి మూతి మూయకుండా అలాగే పట్టుకుని నిలబడి, "ఇంకో రెండు రెబ్బలు వెయ్యవమ్మా" అని తొలిసారి అడిగిన నాటి నుంచి. తూకం వరకు జరిగేది లావాదేవీ. రాజులు, చట్టాలు, తూనికల శాఖ కలిసి దానిని నడిపించగలరు. తూకం ముగిశాక కూడా సంచి తెరిచి ఉంచాలంటే మాత్రం మనిషికి మనిషిపై నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం పేరు కొసరు. దాని ప్రమాణం సాధారణంగా గుప్పెడు కరివేపాకు.

ఈ మహాసత్యం ఒక ఆదివారం ఉదయం విశాఖపట్నంలో, సీతమ్మధార రైతుబజారులో, రెండు సంచులు మోస్తూ భార్య వెనుక నిలబడిన నిరంజన్‌కు సాక్షాత్కరించింది. అతడు 'సంతబండి' అనే కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతి. ఫోనులో నొక్కితే ఉప్పు నుంచి ఉయ్యాల వరకు ఇంటికి తెచ్చి ఇవ్వడం ఆ కంపెనీ పని. అంతటి కంపెనీలో అంతటివాడు కూరలకు రైతుబజారుకు ఎందుకు వచ్చాడంటే, అతడి భార్య సువర్చల కూరలను వేలితో నొక్కి చూడనిదే కొనదు కనుక. ఆమె విజయనగరంలో ఒక మహిళా డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతుంది. ఆన్‌లైన్ వ్యాపారం పుట్టుపూర్వోత్తరాలు ఆమె పాఠ్యాంశం. ఆ పాఠం చెప్పేవాళ్ళెవరూ వంకాయలను ఆన్‌లైన్‌లో కొనరని ఆమె సిద్ధాంతం.

"ఏటమ్మా, కేజీ వంకాయలు కొనీసి కరేపాకు ఊరకే ఇమ్మంతారా? నాను బతకాలా ఒద్దా?" అంది కూరల పైడమ్మ.

"బతుకుదువుగానీ, ముందు వెయ్యి."

"మీ ఆయన్ని సూడండి. మారాజు. నోరెత్తరు. మీరే ఉన్నారు, నన్ను దోచీడానికి."

"ఆయన నోరెత్తితే నీ బల్లతో సహా ఇచ్చేస్తావేమోనని ఎత్తరులే."

పైడమ్మ గొణిగింది. సరుకు ధరల మీద, వానల మీద, చదువుకున్న ఆడవాళ్ళ మీద వరుసగా గొణిగి, ఆ గొణుగుడు చివర కరివేపాకుతో పాటు అడగని నాలుగు పచ్చిమిరపకాయలు కూడా సంచిలోకి విసిరింది.

తిరిగి వస్తూ నిరంజన్ అడిగాడు. "అంత తిట్టింది కదా, మళ్ళీ ఎందుకిచ్చింది?"

"తిడితేనే ఇస్తుంది. గొణగకుండా ఇచ్చేదాన్ని నేనెప్పుడూ నమ్మలేదు. పోయిన నెల రైలుకి టైమైపోతోందని అడక్కుండా వచ్చేశాను. మర్నాడు ముఖం మాడ్చుకుని, 'ఏటమ్మా, నామీద అలిగినారా' అంది. అడగడంలోనే ఉందండీ అంతా. కరివేపాకులో ఏముంది?"

నిరంజన్ శ్రద్ధగా విన్నాడు. గొప్ప ఆవిష్కర్తలందరిలాగే సగం విన్నాడు.

*

కొన్నాళ్ళకు అతడు రాత్రి భోజనాల దగ్గర ఒక యంత్రాన్ని వర్ణించసాగాడు. మధురవాడ కొండమీది ప్రయోగశాలలో, నిలువెత్తు బీరువా అంత ఉంటుందట. దాని పక్క గోడనిండా వందలాది చిన్న సొరుగులు. వాటిలో గుండీలు, దారపు ఉండలు, కర్పూరం బిళ్ళలు, గోళీలు, కుంకుడుకాయలు. మనిషి వెతికి కొనకుండా వదిలేసినవి, ఫోను ముందు కూర్చుని అన్న మాటలు, అనబోయి మానేసినవి కలిపి చదివి, ఆ మనిషికి ఏ చిన్న లోటు ఉందో యంత్రం కనిపెడుతుంది. అంత చిన్నదాన్ని ఆర్డరు చేయడానికి నామోషీ అనిపించే లోటు. కనిపెట్టగానే దానికి సరిపడే సొరుగు తనంతట తెరుచుకుంటుంది. అందులోది తీసి సరుకుల పెట్టెలో పడేస్తారు. ధర లేదు, రసీదు లేదు, పేరు లేదు.

"కొసరన్నమాట," అంది సువర్చల నవ్వుతూ.

"కొసరే! నీ దగ్గరే నేర్చుకున్నాను. జనం మా దగ్గర కొంటున్నారుగానీ, 'మా పైడమ్మ' అన్నట్టు 'మా సంతబండి' అని ఒక్కడైనా అంటున్నాడా? మా డైరెక్టరుగారికి అదే బెంగ."

"నచ్చిందో లేదో దానికెలా తెలుస్తుంది?"

"తిరిగి పంపకపోతే నచ్చినట్టు. పంపితే నచ్చనట్టు. అంతకన్నా నిజాయితీ గల తీర్పు ఏముంటుంది?"

ఆ తరువాత కొంతకాలానికి యంత్రం ఊసు ఆగిపోయింది. ఏమైందని అడిగితే, "మూలపడింది. సొరుగులన్నీ ఒకేసారి తెరుచుకుంటున్నాయి" అన్నాడు. ఆమె జాలిపడి ఆ రోజు ఉల్లిపాయ పులుసు చేసింది.

ఆ ఏడాది సంతబండివారి తగ్గింపు ధరల పండగ, మహాసంత, మొదలైన రోజునే బొబ్బిలిలో సువర్చల తండ్రి పోయాడు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. ఏ బండినీ ఆలస్యంగా వదలలేదని చెప్పుకునేవాడు. కబురు తెలిసిన నిరంజన్ ఫోనులో, "వస్తున్నాను, వచ్చేస్తున్నాను" అన్నాడు. అతడికన్నా ముందు సంతబండి పార్శిలు వచ్చింది. అపరకర్మలకు కావలసిన సామగ్రి మొత్తం అందులో ఉంది. దర్భలు, కుండ, నువ్వులు, నెయ్యి, తెల్లబట్ట. పురోహితుడు పెట్టె విప్పి చూసి, తన అనుభవంలో ఇంత లోపం లేని సామగ్రి చూడలేదని మెచ్చుకున్నాడు. నిజమే, ఏదీ తక్కువ కాలేదు. అల్లుడు తప్ప. మహాసంత ముగిశాక అతడు వచ్చేసరికి అస్థికలు కూడా నదిలో కలిపేశారు.

కర్మ ముగిశాక సువర్చల విశాఖకు వెళ్ళలేదు. రోజూ రైలు ప్రయాణం చేయలేకపోతున్నానని చెప్పి, విజయనగరం శివారులో, కళాశాలకు దగ్గరగా, ఒక పోర్షను అద్దెకు తీసుకుంది. ఆ కారణాన్ని బంధువులందరూ ఎంతో మర్యాదగా నమ్మారు.

*

అద్దె ఇంటి దగ్గర మంచి కొట్లు లేవు. పంతం ఒకవైపు, కందిపప్పు ఒకవైపు నిలిచినప్పుడు కందిపప్పే గెలిచింది. ఆమె సంతబండిలోనే సరుకులు ఆర్డరు చేసింది. మొదటి పెట్టెలో పప్పు, సబ్బులతో పాటు అట్టముక్కకు గుచ్చిన ఒక పిన్నీసు ఉంది. ఒక్కటే. ఎవరి పెట్టెలోదో దీనిలో పడిందనుకుంది. కాని మర్నాడు ఉదయం క్లాసు గంట కొట్టే వేళకు చీర కుచ్చిళ్ళకు పిన్నీసు దొరకక ఇల్లంతా వెతుక్కుంటూ ఉండగా, అది బల్లమీద మెరుస్తూ కనబడింది. పెళ్ళైన నాటి నుంచి ప్రతి ఉదయం ఆమె వెతుక్కునేది పిన్నీసే. ఆ సంగతి తెలిసినవాడు ప్రపంచంలో ఒక్కడే.

రెండో పెట్టెలో బలపం ముక్క వచ్చింది. సువర్చల దానిని చేతిలో పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుండిపోయింది. ఎనిమిదేళ్ళ వయసులో ఆమె బలపాలు తినేది. తల్లికి దొరక్కుండా, చెల్లెలికి పెట్టకుండా, దుప్పటి కప్పుకుని తినేది. మన్ను తినే పిల్లలని ఎవరో అంటే వినలేక ఈ రహస్యాన్ని ఎవరికీ చెప్పలేదు. ఒకసారి, తుఫానుకు కరెంటు పోయిన సాయంత్రం, కొవ్వొత్తి వెలుగులో, భర్తకు మాత్రం చెప్పింది. అతడు నవ్వలేదు. "రుచెలా ఉండేది?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు ఆమె అతడి తప్పులు చాలా మన్నించింది.

ఆ వారం క్లాసులో ఆమె ఆన్‌లైన్ వ్యాపారం తొలినాళ్ళ సంగతి చెబుతోంది. ఇంటర్నెట్టు ఇళ్ళకు రాకముందే, ఇంగ్లండులో ఒక బామ్మగారు టీవీ రిమోటు నొక్కి, ఇంటి నుంచి కదలకుండా కోడిగుడ్లు, కార్న్‌ఫ్లేక్స్, వనస్పతి లాంటి వెన్న తెప్పించుకుంది. ఆ తరువాత కార్డు నంబరు దొంగలపాలు కాకుండా తీగమీద పంపే విద్య వచ్చింది. తరువాత మన దేశం వచ్చి, వస్తువు చేతికి అందాకే డబ్బిస్తామని తలుపు దగ్గర అడ్డంగా నిలబడి, ప్రపంచానికి కొత్త పాఠం చెప్పింది. ఇప్పుడు కొత్తిమీర పది నిమిషాల్లో వస్తోంది.

"ఆ బామ్మగారికి కొసరేం ఇచ్చారు మేడమ్?" అంది వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి. క్లాసంతా నవ్వింది.

"చరిత్రలో రాయలేదమ్మా," అంది సువర్చల, కుచ్చిళ్ళ దగ్గరి పిన్నీసును తడుముకుని. "ఇచ్చి ఉంటే ఆ టీవీ బేరం ఇంకా బతికుండేది."

ఆఖరి పెట్టెలో వచ్చింది ఖాళీ ముక్కుపొడుం డబ్బా. చిన్నది, పసుపు రంగు రేకుది. ఆమె తండ్రి పొడుం పీల్చి పారేసిన డబ్బాలను చిన్నప్పుడు ఆమె ఏరుకుని, వాటిలో చింతగింజలు దాచుకునేది. మూత తీసి వాసన చూసింది. తండ్రి పోయిన రోజున కూడా పదిమంది ఎదుట బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, భర్త గురించి ఆమె ఒక నిర్ధారణకు వచ్చింది. అతడికి క్షమాపణ అడగడం చేతకాదు; చేతకాదు కనుక పిన్నీసులు, బలపాలు పోగుచేసి పెట్టెల్లో దాచి పంపుతున్నాడు. అంత పెద్ద కంపెనీలో, సరుకులు సర్దేవాళ్ళ కన్నుగప్పి, తన పార్శిలు కోసం వెతుకుతూ తిరిగే నిరంజన్‌ను ఊహించుకుంటే ఆమెకు నవ్వు వచ్చింది.

శనివారం రైలెక్కి ఇంటికి వచ్చేసింది.

తలుపు తీసి, "వచ్చావా?" అన్నాడు నిరంజన్.

"వచ్చాను."

సాయంత్రం అతడు ఉల్లిపాయలు తరుగుతుండగా ఆమె మెల్లగా అంది. "బలపం బాగుంది."

అతడి చేతిలో కత్తి ఆగింది. తల ఎత్తి ఆమెను చూశాడు, చిరునవ్వు నవ్వాడు, మళ్ళీ తరగడం మొదలుపెట్టాడు. సువర్చల ఆ చిరునవ్వును జవాబుగా స్వీకరించింది. ఇంకేమీ అడగలేదు. ఆమె జీవితంలో అడగకుండా తీసుకున్న మొదటి జవాబు అదే.

*

వేసవి సెలవుల్లో సంతబండివారు ఉద్యోగుల కుటుంబాలను ప్రయోగశాలకు ఆహ్వానించారు. ఇంకో వారంలో సముద్రతీరపు హోటల్లో ఏదో బ్రహ్మాండమైన ఆవిష్కరణ ఉందని, అదేమిటో చెప్పకూడదని, చెప్పకూడని ఆ వస్తువును మాత్రం అందరూ చూడవచ్చునని ఏర్పాటు. నిరంజన్ డైరెక్టరు పాండురంగరావుగారి గదిలో ఉండిపోయాడు. సువర్చలకు ప్రయోగశాల చూపించే బాధ్యత రోహిణి అనే యువ ఇంజనీరు మీద పడింది. ఆ అమ్మాయి మాట ఆగదు. మంచి మనసున్నవాళ్ళ మాటలు ఆగవు.

గోడనిండా సొరుగులు చూడగానే సువర్చల నిలబడిపోయింది. "ఇది మూలపడలేదా?"

"మూలపడటమా? ఇదే కదా మేడమ్ లాంచ్ చేస్తోంది! మొదట్లో ప్రాబ్లమ్ అయిన మాట నిజమే. మాటల్నించి లోటు కనిపెట్టడం దీనికి ఎవరు నేర్పిస్తారు? లోపల్నించి పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కరైనా కావాలి. డైరెక్టర్ సార్ ఎంతో వెతికించారు. అప్పుడు దొరికింది మా అక్కయ్య."

"అక్కయ్యా?"

"ఫస్ట్ సబ్జెక్ట్ మేడమ్. పేరు మాకు చెప్పలేదు. అందుకని మేమే అక్కయ్య అని పెట్టుకున్నాం. భర్త మీద అలిగి ఏదో ఊరెళ్ళిపోయిందట పాపం. ఆవిడ గురించి మొత్తం మీ సారే కూర్చుని దీనికి చెప్పారు. రోజుల తరబడి. చిన్నప్పటి సంగతులు, నిద్దట్లో కలవరింతలు, ఏ పాట వస్తే లేచి వెళ్ళిపోతుంది, అన్నీ. అంత డేటా సార్ ఎలా సేకరించారో మాకిప్పటికీ అంతుపట్టదు. గ్రేట్ అసలు!"

సువర్చల ఒక సొరుగు పిడి పట్టుకుంది.

"బలపాలు తినేదట మేడమ్!" అని రోహిణి పకపకా నవ్వింది. "ఊహించగలరా? బలపాలు!"

"ఊహించగలను."

"అన్నిట్లోకీ టఫ్ పొడుం డబ్బా. వాళ్ళ నాన్నగారిదన్నమాట, ఆయన అప్పుడే పోయారు. అది పంపడం మరీ క్రూరమేమోనని మాలో కొందరు భయపడ్డారు. పందాలు కూడా కాశాం, తిరిగి పంపుతుందా లేదా అని."

"ఎవరు గెలిచారు?"

"నేనే! పంపలేదు మేడమ్. ఒక్కటి కూడా తిరిగి పంపలేదు. ఆ వారమే ఇంటికెళ్ళిపోయిందని సార్ వచ్చి చెప్పారు. మేం ఇక్కడే కేక్ కోశాం."

"కేకు బాగుందా అమ్మా?" అంది సువర్చల.

"సూపర్ మేడమ్. పైనాపిల్."

*

ఆ సాయంత్రం బాల్కనీలో కుర్చీలు రెండూ ఎప్పటిలాగే వేసి ఉన్నాయి. సువర్చల కూర్చోలేదు.

"బలపం ఎవరు పంపారు?"

నిరంజన్ ముఖంలో రంగు మారింది. "ఎవరు చెప్పారు నీకు?"

"అది జవాబు కాదు."

"యంత్రమే పంపింది. ఒప్పుకుంటాను. కాని దానికి చెప్పిందెవరు? నేను. నాకు తెలియనిది దానికి తెలియదుగా? ఒక విధంగా చూస్తే నేనే పంపినట్టు."

"ఒక విధంగా."

"నువ్వు తిరిగి రావాలని నాకు లేదా సువర్చలా? నేను రమ్మంటే వచ్చేదానివా?"

"అన్నారా?"

అతడు సముద్రం వైపు చూశాడు. సముద్రం ఈ విషయంలో జోక్యం చేసుకోలేదు.

"నిద్దట్లో నేనేం కలవరిస్తానో నాకే తెలియదండీ," అంది ఆమె. "మీకు తెలుసు. దానికి తెలుసు. రోహిణికి తెలుసు. నాకు తెలియదు. ఏం కలవరిస్తాను?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నేనొచ్చిన శనివారం... మీరూ తిన్నారా కేకు?"

"సోమవారం కోశారు," అన్నాడు నిరంజన్. మళ్ళీ తనే, "ఒక్క ముక్క" అన్నాడు.

ఆమె రైతుబజారులో సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడినట్టే నిలబడి, అడిగింది.

"ఒకటి అడుగుతాను. ఇంకేమీ అడగను. నన్ను అందులోంచి తీసెయ్యండి. మొత్తం. కలవరింతల్తో సహా."

"తీసేస్తే యంత్రం మళ్ళీ మొదటికొస్తుంది. వారంలో ఆవిష్కరణ పెట్టుకుని..."

"రానివ్వండి."

నిరంజన్ గొణిగాడు. డైరెక్టరుగారి రక్తపోటు గురించి, పెట్టుబడిదారుల గురించి, యంత్రం తప్ప తనకింకేమీ మిగల్లేదన్న సంగతి గురించి, అర్థం చేసుకోని భార్యల గురించి చీకటి పడేదాకా గొణిగాడు. చివరకు, "సరే. తీసేస్తాను. ఆవిష్కరణకు ముందే తీసేస్తాను, సరేనా?" అన్నాడు.

సువర్చల నమ్మింది. ఎందుకు నమ్మిందని తరువాత ఎన్నోసార్లు తనను తానే నిలదీసుకుంది. అతడు వెంటనే ఒప్పుకుని ఉంటే అనుమానించేది. ఇన్నేళ్ళుగా ఆమెకు తెలిసిన లోకంలో, ఇవ్వదలచుకోనివాడు నవ్వి ఊరుకుంటాడు, ఇచ్చేవాడే గొణుగుతాడు. గొణుగుడు చివర ఎప్పుడూ కరివేపాకు ఉంటుంది.

*

ఆవిష్కరణ మహోత్సవం ఆ ప్రాంతంలో ఒక రాజ్యాభిషేకానికి తగ్గట్టు జరిగింది. వేదిక మీద యంత్రానికి పూలమాల వేశారు. పాండురంగరావుగారు పట్టుకండువా సవరించుకుని, ఆది మానవుడు గింజలిచ్చి గొడ్డలి పుచ్చుకున్న నాటి నుంచి ఆ సాయంత్రం దాకా జరిగిన వర్తకమంతా ఈ బీరువా కోసమే ఎదురుచూసిందని సెలవిచ్చారు. బామ్మగారి కోడిగుడ్లు సహితం ఆ మహాప్రవాహంలో ఒక బిందువుగా చేరాయి.

"ఇక మా తొలి వినియోగదారు సంగతి," అన్నారాయన. "ఒక విరహిణి! పుట్టెడు దుఃఖంలో భర్తను వీడి వెళ్ళిన మహాఇల్లాలు! ఆమెను మళ్ళీ ఇంటికి చేర్చిందెవరు? పెద్దమనుషులా? కోర్టులా? మన సొరుగు!"

చప్పట్లు మోగాయి. మూడో వరుసలో కూర్చున్న సువర్చల చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. తీసేస్తే ఆ కథ చెప్పడానికి వీలుండదు. చెబుతున్నారంటే తీసెయ్యలేదు.

అప్పుడు నిరంజన్ మైకు అందుకున్నాడు. అతడి కళ్ళు చెమర్చి ఉన్నాయి. నిజంగానే చెమర్చాయి, అదే ఆమె ఎన్నటికీ మన్నించలేకపోయిన సంగతి. "ఇంతకాలం ఆమె పేరు దాచాను. ఇవాళ దాచను. ఆమె గౌరవం ఆమెకు దక్కాలి. ఆ మొదటి అక్కయ్య... నా భార్య సువర్చల. దయచేసి వేదిక మీదికి రావాలి."

ఆ గది ఒక్కసారిగా ఆమె వైపు తిరిగింది. ఓ పక్కన నిలబడిన రోహిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ సభలో సిగ్గుపడిన మనిషి ఆ అమ్మాయి ఒక్కతే. సువర్చల మెట్లెక్కింది. ఎవరో శాలువా కప్పారు. ఎవరో మైకిచ్చారు.

"నేను కామర్స్ చెబుతాను," అంది, క్లాసులో మొదలుపెట్టినట్టే. "కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కొసరుకు ఒక్కటే నియమం. అడగాలి. ఎదుటివాళ్ళు కాదనగలరని తెలిసి, అయినా చెయ్యి చాచాలి. ఈ పెట్టెల్లో వచ్చినవేవీ నేనడగలేదు. నేనడిగింది ఒక్కటుంది. వారం కిందట మా బాల్కనీలో అడిగాను. అది ఈయన ఇవ్వలేదు."

సభ నిశ్శబ్దమైంది. నిరంజన్ తల వంచుకున్నాడు. ఆ నిశ్శబ్దం ఇంకాసేపు ఉండి ఉంటే, అతడికి ఏదో ఒకటి అర్థమై ఉండేది. కాని పాండురంగరావుగారు వ్యాపారవేత్త.

"అద్భుతం!" అని ఆయన లేచి చప్పట్లు కొట్టారు. "విన్నారా? అడగాలి! అడగాలట!"

చప్పట్లు హోరెత్తాయి. మరుసటి వారానికల్లా సంతబండి తెరమీద 'అడగండి' అనే ఆకుపచ్చ బొత్తం వెలసింది. దానిని నొక్కితే ముందుగా ఒక స్త్రీ గొంతు కాసేపు గొణిగేది.

శాలువాను కుర్చీ మీద మడతపెట్టి, సువర్చల ఆర్టీసీ కాంప్లెక్సుకు ఆటో ఎక్కింది. విజయనగరంలో ఆ పోర్షను ఇంకా ఖాళీగానే ఉంది. ఈసారి కారణమేమీ చెప్పలేదు కనుక, బంధువులెవరూ నమ్మవలసిన అవసరం కలగలేదు.

*

కొసరు యంత్రం జిల్లాలు దాటి విస్తరించింది. అంతే వేగంగా దాని సొరుగుల్లోవి తిరిగి రాసాగాయి. అనకాపల్లిలో ఒక రిటైర్డు తహసీల్దారుగారికి బియ్యంతో పాటు బొంగరం వచ్చింది. తనను పిల్లవాడిగా జమకట్టిన వాడెవడో తేల్చాలని ఆయన పట్టుబట్టాడు. తెనాలిలో ఒక ఇల్లాలి పెట్టెలో జాజిదండ వచ్చింది. ఆ ఇంట్లో భర్తకు పంపినవాడి పేరు కావలసి వచ్చింది. పేరు లేదంటే అతడు నమ్మలేదు. ఎక్కువమంది ఇన్ని గొడవలు కూడా పడలేదు. 'నేను ఆర్డరు చేయని వస్తువు' అన్న గడి మీద నొక్కి, తిరిగి తీసుకుపొమ్మన్నారు, అంతే. ఒక గుండీ కోసం, ఒక గోళీ కోసం సంతబండివారి వ్యానులు వీధివీధీ తిరిగాయి. చివరకు పాండురంగరావుగారు పూలమాల తీయించి, బీరువాను నిజంగానే మూలపెట్టించారు. వినియోగదారుల సంఘాలు అభ్యంతరం చెప్పినందుకు కాదు, సువర్చలకు అన్యాయం జరిగినందుకు అంతకంటే కాదు. డీజిలు ఖర్చుకు.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, ఆమె జవాబుపత్రాలు దిద్దుతుండగా నిరంజన్ ఫోను చేశాడు. గొంతు బాగా నీరసించింది. కంపెనీ పెద్దలు తనను కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడుగుతున్నారట. లోకమంతా తిప్పికొట్టినదాన్ని ఆ మొదటి మనిషి ఒక్కతే ఎందుకు ఉంచుకుంది? దానిమీదే కదా యంత్రం మొత్తం నేర్చుకుంది?

"మీరేం చెప్పారు?"

"ప్రేమ అని చెప్పాను," అన్నాడు నిరంజన్. "నువ్వు ఒక్కటి కూడా తిరిగి పంపలేదు. అది నిజమే కదా సువర్చలా? ఆ ఒక్కటీ నిజమేనని చెప్పు. నాకది చాలు."

సువర్చల ఎర్ర సిరా పెన్ను మూతపెట్టింది. అబద్ధం చెబుదామా అని కూడా ఆలోచించింది; కాని పరీక్షపత్రాలు ఎదురుగా ఉన్నాయి. అంతవరకు తానే మరిచిపోయిన సంగతి ఒకటి ఆమెకు అప్పటికే గుర్తుకు వచ్చి ఉంది. మొదటి పెట్టెలో పిన్నీసు వచ్చిన సాయంత్రం, ఎవరి సొమ్మో మనకెందుకని, దానిని తిరిగి పంపడానికి ఆమె ఫోనులో నొక్కింది. రెండుసార్లు నొక్కింది.

మీ ప్రాంతానికి వాపసు సౌకర్యం ఇంకా లేదని వచ్చింది.